ఇంగ్లండ్ బడిలో ప్రార్థన, మత పాఠం: తెలుగు తల్లిదండ్రులు ఏం చేయాలి, ఎలా చేయాలి

మీ బిడ్డ ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాథమిక పాఠశాలలో రిసెప్షన్ తరగతిలో (నాలుగైదేళ్ల పిల్లల తొలి తరగతి) చేరిన నాటి నుంచి రెండు విషయాలు ఎదురవుతాయి. ఒకటి, రోజూ జరిగే సామూహిక ప్రార్థన. బడి కాగితాల్లో దాన్ని కలెక్టివ్ వర్షిప్ అని రాస్తారు, పిల్లలు మాత్రం అసెంబ్లీ అనే చెబుతారు. రెండోది, ఇంచుమించు వారానికో గంట ఉండే మత విద్య పాఠం. దాన్ని అందరూ ఆర్‌.ఇ. అంటారు. నర్సరీ పిల్లలకు ఈ రెండూ తప్పనిసరి కావు. రిసెప్షన్ నుంచి ప్రాథమిక బడిలో చివరి తరగతి అయిన ఇయర్ 6 దాకా, ఆ పైన సెకండరీలోనూ బడి వీటిని జరపాల్సిందే.

మన కుటుంబాల్లో చాలా మందికి ఈ సంగతి తెలిసేది డిసెంబరులో, క్రీస్తు జనన నాటకంలో గొర్రెల కాపరి వేషానికి పిల్లవాడు తలకు చుట్టుకునే తువ్వాలు అడిగినప్పుడు. లేదా ఇంట్లో భోజనానికి కూర్చుని, కళ్లు మూసుకుని, చివర్న ‘ఆమెన్’ అన్నప్పుడు. కొందరు కంగారు పడి మరునాడే ఆఫీసు ముందు నిలబడతారు. కొందరు నవ్వి ఊరుకుంటారు. రెండు పద్ధతులూ బిడ్డకు మేలు చేయవు. ఇక్కడి చట్టం తల్లిదండ్రులకు చాలా చోటు ఇచ్చింది. దాన్ని వరసగా వాడుకోవాలి. ముందు తెలుసుకోవాలి, తర్వాత అడగాలి, వీలైతే మీరే తరగతిలోకి వెళ్లాలి. బిడ్డను తప్పించే హక్కును ఆ తర్వాతే, నిజంగా అవసరమనిపిస్తేనే తీయాలి. హిందువులైనా, క్రైస్తవులైనా, ముస్లింలైనా, ఏ మతమూ పాటించనివారైనా వరస ఇదే.

1. ప్రార్థనను, పాఠాన్ని విడదీసి చూడండి

సామూహిక ప్రార్థనను తప్పనిసరి చేసింది 1944 విద్యా చట్టం. అది ‘పూర్తిగా గానీ, ప్రధానంగా గానీ విశాలమైన క్రైస్తవ స్వభావంతో’ ఉండాలని 1988 విద్యా సంస్కరణ చట్టం షరతు పెట్టింది. ఈ మాట చదవగానే చాలా మంది బెదిరిపోతారు. ఆ పక్కనే ఉన్న సడలింపులు కూడా చదవండి. మతంతో సంబంధం లేని మామూలు బడిలో ఆ ప్రార్థన ఏ ఒక్క క్రైస్తవ శాఖకూ ప్రత్యేకమైనది కాకూడదు. టర్ము మొత్తం మీద ఎక్కువ రోజులు ఆ స్వభావంతో ఉంటే చాలు, మిగతా రోజుల్లో వేరే మతాల కథలతోనో, ఏ మతానికీ చెందని విలువల మీదనో నడపవచ్చు. బడి అంతా ఒక్కచోట చేరాలన్న నియమం కూడా లేదు. తరగతి గదిలో, రోజులో ఏ వేళైనా జరపవచ్చు. పిల్లల వయసును, వాళ్ల కుటుంబ నేపథ్యాన్ని గమనంలో ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది.

ఒక మామూలు కమ్యూనిటీ స్కూల్లో, అంటే స్థానిక అధికార సంస్థ (కౌన్సిల్) నడిపే, ఏ మతానికీ చెందని బడిలో, అసెంబ్లీ చూడండి. పిల్లలు వరుసగా హాల్లోకి వచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. చిన్నవాళ్లు ముందు, ఇయర్ 6 వాళ్లు వెనక. ముందు బల్ల మీద ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు. హెడ్ టీచర్ ఒక కథ చెబుతారు. తప్పిపోయిన గొర్రెపిల్ల కథ కావచ్చు, గురునానక్ కథ కావచ్చు, ఆట స్థలంలో నిన్న జరిగిన గొడవ కావచ్చు. ఒక పాట ఉంటుంది. చివర్న ‘ఇప్పుడు నేను ఒక ప్రార్థన చెబుతాను. అది మీ ప్రార్థన కూడా కావాలనుకునేవాళ్లు చివర్న ఆమెన్ అనండి, మిగతావాళ్లు నిశ్శబ్దంగా కూర్చుని ఆలోచించుకోండి’ అంటారు. బడిలో ఈ వెసులుబాటు ఇస్తున్నారా లేదా అన్నది మీరు గమనించాల్సిన మొదటి సంగతి. ఇస్తుంటే బడి మీ బిడ్డను గౌరవిస్తున్నట్టే. ‘అందరూ చేతులు జోడించండి, కళ్లు మూసుకోండి’ అని మాత్రమే అంటుంటే మాట్లాడాల్సిన పని ఉంది.

మత విద్య సంగతి వేరు. అక్కడ ఎవరూ ఎవరినీ పూజించరు. క్రైస్తవ, బౌద్ధ, హిందూ, ఇస్లాం, యూదు, సిక్కు మతాల గురించి, ఏ మతమూ లేని జీవన దృక్పథాల గురించి పిల్లలు నేర్చుకుంటారు. బ్రిటన్‌లోని మత సంప్రదాయాలు ప్రధానంగా క్రైస్తవమైనవని గుర్తిస్తూనే, ఇక్కడ ఉన్న ఇతర ముఖ్య మతాల బోధనలను, ఆచారాలను కూడా పరిగణించాలని 1988 చట్టం పాఠ్య ప్రణాళికకు షరతు పెట్టింది. ఇది గాలిలోంచి వచ్చిన ఆలోచన కాదు. వలస కుటుంబాల పిల్లలతో తరగతులు నిండిన బర్మింగ్‌హామ్ నగరం 1975లోనే పలు మతాలకు చోటిస్తూ తన పాఠ్య ప్రణాళికను తిరగరాసింది. అప్పట్లో దాని మీద పెద్ద వివాదమే నడిచింది. అంతకు చాలా ముందే, 1870 చట్టం, ప్రజల సొమ్ముతో నడిచే బోర్డు స్కూళ్లలో ఏ ఒక్క శాఖకు ప్రత్యేకమైన మత ప్రశ్నోత్తరిని నేర్పకూడదని చెప్పింది.

మనకు ఈ ఏర్పాటు కొత్తగా తోచడంలో వింత లేదు. భారత రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధనే కూడదంటుంది. గుర్తింపు ఉన్న, సాయం పొందే బడుల్లోనైతే మైనరు బిడ్డను సంరక్షకుల అనుమతి లేకుండా మత ప్రార్థనకు రప్పించకూడదంటుంది. అక్కడ సమ్మతి ఇస్తేనే బిడ్డ ప్రార్థనలో ఉంటాడు. ఇక్కడ మీరు వద్దని చెప్పేదాకా ఉంటాడు. అందుకే మీరు పట్టించుకోకపోతే ఎవరూ మిమ్మల్ని పిలిచి అడగరు.

2. మీ బడి ఏ రకమో కనుక్కోండి

ఇంగ్లండ్‌లో ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు నాలుగో వంతు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌వి. కేథలిక్ బడులు వేరే ఉన్నాయి. ఇంటికి దగ్గరగా ఉందని, ఫలితాలు బాగున్నాయని చేర్పించి, అది చర్చి బడి అని ఆ తర్వాత తెలుసుకునేవాళ్లు మనలో ఉన్నారు. పేరులో సెయింట్ ఉండాలని లేదు, పేరు చూసి ఊహించకండి. బడుల వివరాలు ఇచ్చే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బడి పేరు కొడితే దాని రకం, మత స్వభావం కనిపిస్తాయి.

కమ్యూనిటీ స్కూలైతే పైన చెప్పిన నియమాలే వర్తిస్తాయి, పాఠం స్థానిక అధికార సంస్థ ఆమోదించిన ప్రణాళిక ప్రకారం సాగుతుంది. వాలంటరీ కంట్రోల్డ్ (స్థానిక సంస్థ అజమాయిషీలో ఉండే) చర్చి బడిలో పాఠం ఆ స్థానిక ప్రణాళికదే, ప్రార్థన మాత్రం చర్చిది. వాలంటరీ ఎయిడెడ్ (మత సంస్థకే ఎక్కువ పట్టు ఉండే) బడిలో రెండూ ఆ మతం ప్రకారమే. స్థానిక సంస్థ కింద కాకుండా నేరుగా ప్రభుత్వ నిధులతో నడిచే అకాడమీలకు ప్రభుత్వంతో చేసుకున్న నిధుల ఒప్పందమే ఆధారం. మతంతో సంబంధం లేని అకాడమీ కూడా మత విద్యను, ప్రార్థనను ఇంచుమించు కమ్యూనిటీ స్కూలు పద్ధతిలోనే జరపాలి. హిందూ బడులు కూడా ఉన్నాయి. ప్రభుత్వ నిధులతో నడిచే మొదటి హిందూ పాఠశాల కృష్ణ అవంతి ప్రైమరీ 2008లో లండన్‌లోని హారోలో మొదలైంది.

చర్చి బడులకు ఆఫ్‌స్టెడ్ (బడులను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) తనిఖీతో పాటు వాటి మత జీవనాన్ని చూసే విడి తనిఖీ ఉంటుంది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ బడుల్లో దాన్ని సయమ్స్ అంటారు. ఆ నివేదిక తప్పక చదవండి. వేరే మతాల పిల్లలను ఆ బడి ఎలా చూసుకుంటోందో అందులోని వాక్యాలను బట్టి తెలిసిపోతుంది. నాకు తెలిసిన కొన్ని చర్చి బడులు మామూలు బడులకన్నా మిన్నగా ఇతర మతాల పండుగలను పట్టించుకుంటాయి. విశ్వాసం అంటే ఏమిటో తెలిసినవాళ్లు పక్కవాడి విశ్వాసాన్ని తేలిగ్గా తీసుకోరు. చర్చి బడి అనగానే వెనకడుగు వేయకండి.

3. చదివి, అడగండి

బడి వెబ్‌సైట్‌లో మత విద్యకు ఒక పేజీ ఉంటుంది. ఏ తరగతిలో ఏ టర్ములో ఏ మతం గురించి చెబుతారో అందులో ఉంటుంది. చాలా చోట్ల సామూహిక ప్రార్థన విధానం కూడా పెడతారు. అవి చదివాక, సరిపోని చోట్ల క్లాసు టీచర్‌కు రాయండి. గేటు దగ్గర సాయంత్రం మూడున్నరకు నిలదీయకండి. ఆ సమయంలో టీచర్ ముప్పై మంది పిల్లలను ముప్పై మంది పెద్దలకు అప్పగిస్తూ ఉంటారు.

అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. ప్రార్థన సమయంలో పిల్లలు మౌనంగా ఉండే వీలుందా? భోజనం ముందు ప్రార్థన చేయిస్తారా, అందులో చేరకుండా ఉండవచ్చా? చర్చికి ఏడాదిలో ఎప్పుడెప్పుడు తీసుకెళ్తారు, అది చూడటానికా, ఆరాధనకా? బయటి నుంచి వచ్చి అసెంబ్లీ నడిపేవాళ్లు ఎవరు, వాళ్లు ఏం చెబుతారో బడి ముందుగా చూస్తుందా? ఈ చివరి ప్రశ్న చాలా మంది మరిచిపోతారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. రోజూ పిల్లలతో ఉండే టీచర్ ఆచితూచి మాట్లాడతారు. నెలకోసారి వచ్చే అతిథి ఉత్సాహంలో తన నమ్మకాన్ని అందరి నమ్మకంగా చెప్పే ప్రమాదం ఉంది.

ఇంకో రెండు సంగతులు మీరే ముందుగా చెప్పాలి. మొదటిది, మీ కుటుంబం మతం. తెలుగు పేరు, గోధుమ రంగు చర్మం చూసి టీచర్ హిందువనే అనుకుంటారు. తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన పాపను లేపి ‘మీ ఇంట్లో దీపావళి ఎలా చేస్తారో చెప్పు’ అని అడిగితే ఆ పాప ఏం చెప్పగలదు? తరతరాలుగా క్రిస్మస్‌కు ఇంటి ముందు కాగితపు నక్షత్రం కట్టే ఇల్లు అది. ముస్లిం కుటుంబాలకూ ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. బడిలో చేర్చేటప్పుడు నింపే ఫారంలో మతం గడి ఉంటుంది. రాయడం మీ ఇష్టం, కానీ రాసినా టీచర్ దాకా చేరిందనుకోకండి. నోటితో ఒకసారి చెప్పండి.

రెండోది, మీ బిడ్డను ఆ మతానికి ప్రతినిధిగా నిలబెట్టవద్దని. తరగతిలో ఉన్న ఒక్క హిందూ పిల్లవాణ్ని ‘మీరు ఇంతమంది దేవుళ్లను ఎందుకు పూజిస్తారు?’ అని అడిగితే, పెద్దలు కూడా తడబడే ప్రశ్నకు ఆరేళ్లవాడు జవాబు చెప్పాలి. వాడంతట వాడు చెబుతానంటే సరే. లేపి అడగకూడదు. మర్యాదగా చెబితే టీచర్లు వెంటనే అర్థం చేసుకుంటారు.

4. ఇంట్లో బిడ్డతో మాట్లాడండి

ఐదేళ్ల పిల్ల ‘ఇవాళ జీసస్ గురించి చెప్పారు’ అంటే ముందు కథ మొత్తం చెప్పనివ్వండి. మధ్యలో మన దేవుడు, వాళ్ల దేవుడు అని విడగొట్టవద్దు. కథ అయ్యాక ‘క్రైస్తవులు అలా నమ్ముతారు. మన ఇంట్లో ఇలా నమ్ముతాం’ అని ఒక్క మాట చాలు. ఆర్‌.ఇ. పాఠంలో టీచర్ వాడేది కూడా ఇదే పద్ధతి కాబట్టి పిల్లకు ఇల్లూ బడీ ఒకే తీరులో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ‘ఆమెన్ అంటే పాపమా?’ అని అడిగితే, మీ ఇంటి నమ్మకాన్ని బట్టి నిజాయితీగా చెప్పండి. అనకుండా మౌనంగా కూర్చోవడం తప్పు కాదని మాత్రం స్పష్టంగా తెలియాలి. చిన్న పిల్లలు టీచర్ మాట జవదాటడానికి భయపడతారు. ఆ అనుమతి మీ నోటి నుంచి రావాలి.

క్రీస్తు జనన నాటకం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వేషం వేయనివ్వండి. ఒక కథలో పాత్ర ధరించడం ఆ మతం పుచ్చుకోవడం కాదని మన ఊళ్ల నాటకాలు చూసి పెరిగిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మీ మనసు ఒప్పుకోకపోతే అక్టోబరులోనే టీచర్‌కు చెప్పండి. పాటల బృందంలోనో, తెర వెనక పనిలోనో చోటు దొరుకుతుంది. పాత్రలు పంచాక చెబితే బిడ్డ అందరి ముందు పాత్ర వదులుకోవాలి.

5. తరగతిలోకి మీరే వెళ్లండి

ఇంత రాయడానికి అసలు కారణం ఈ మెట్టు. 2021 జనగణన ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో తమను క్రైస్తవులుగా చెప్పుకున్నవారు 46.2 శాతం, ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతం, ముస్లింలు 6.5 శాతం, హిందువులు 1.7 శాతం. పెద్ద నగరాలను దాటి వెళ్తే, హిందూ మతం పాఠం చెప్పే టీచర్ తన జీవితంలో ఒక హిందూ ఇంటి గుమ్మం తొక్కి ఉండకపోవచ్చు. పుస్తకంలో ఉన్నది చెబుతారు. పుస్తకంలో ఉండేది ఎక్కువగా ఉత్తర భారతం.

దీపావళే తీసుకోండి. ఇక్కడి బడుల్లో దీపావళి అంటే సీతారాములు అయోధ్యకు తిరిగి రావడం, ప్రజలు దీపాలతో ఎదురెళ్లడం. ప్రతి తరగతిలో మట్టితో ప్రమిద చేయిస్తారు, రంగోలీ వేయిస్తారు. మన ఇళ్లలో పిల్లలు వినేది నరకాసుర వధ. సత్యభామ విల్లు పట్టిన కథ. రెండు కథలూ విన్న పిల్లకు బడి చెప్పింది నిజమా, అమ్మమ్మ చెప్పింది నిజమా అన్న సందేహం వస్తుంది. టీచర్‌కు నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపండి, ఒకే పండుగకు వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరు కథలున్నాయని. మంచి టీచర్ ఆ సంగతినే పాఠంగా మలుస్తారు. ఒక మతంలో అందరూ ఒకేలా ఉండరని పిల్లలకు తెలియడం ఆర్‌.ఇ.లో పెద్ద లక్ష్యం. స్త్రీ యుద్ధం చేసి గెలిచిన కథ విని ఇయర్ 2 ఆడపిల్లల కళ్లు ఎలా మెరుస్తాయో మీరే చూస్తారు.

వెళ్లడానికి ఉగాది ఇంకా మంచి సందర్భం. ఎందుకంటే అది టీచర్ పుస్తకంలో లేదు. మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది కాబట్టి ఈస్టర్ సెలవులతో కలిసిపోతోందేమో ముందే చూసుకోండి. ఫిబ్రవరిలో అర టర్ము సెలవులు అయ్యాక టీచర్‌కు రాయండి. ముప్పై నుంచి నలభై నిమిషాలు అడగండి, అంతకు మించి ఆ వయసు పిల్లలు కూర్చోలేరు.

ఏం తీసుకెళ్లాలి? బెల్లం ముక్క, చింతపండు, పచ్చి మామిడికాయ, ఉప్పు, కొద్దిగా మిరియాల పొడి, ఎండిన వేపపువ్వు. వేపపువ్వు ఇండియన్ దుకాణాల్లో చిన్న పొట్లాలుగా దొరుకుతుంది. విడివిడి గిన్నెల్లో పెట్టి, ఒక్కొక్కటి వాసన చూపించండి, పేరు చెప్పించండి. ‘బెల్లం’ అని ముప్పై గొంతులు ఒక్కసారిగా పలికితే మీ బిడ్డ ముఖం చూడండి. ఆ తర్వాత వాళ్ల ఎదుటే కలపండి. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. వచ్చే ఏడాదిలో ఏ రుచి ఎదురైనా తీసుకోవాలని మా ఇళ్లలో కొత్త ఏడాది మొదటి రోజున ఇది తింటారని చెప్పండి. గత ఏడాది మీకు చేదుగా అనిపించింది ఏది, తీపిగా అనిపించింది ఏది అని పిల్లలను అడగండి. తాతయ్య చనిపోయారని ఒకరు, చెల్లి పుట్టిందని ఒకరు చెబుతారు. మత విద్య పాఠానికి ఇంతకన్నా ఏం కావాలి?

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, వీటిలో ఏదీ వదిలిపెట్టకండి. పదార్థాల జాబితా వారం ముందే బడికి పంపండి, అలర్జీలు వాళ్లు చూసుకుంటారు. జీడిపప్పు, వేరుశనగ, కొబ్బరి వంటివేవీ కలపవద్దు. పచ్చడిని దేవుడికి నైవేద్యం పెట్టకుండా తీసుకెళ్లండి, ఆ మాట టీచర్‌కు చెప్పండి. దేవుడి ముందు పెట్టినది తినడం కొన్ని ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు సమ్మతం కాదు, ఆ పిల్లలను ఇబ్బంది పెట్టకూడదు. రుచి చూడటం ఎవరికి ఇష్టమైతే వాళ్లకే. నుదుట బొట్టు పెట్టడం, హారతి అద్దించడం, శ్లోకం చెప్పించడం చేయవద్దు. చూపించవచ్చు, మీరు చేసి చూపవచ్చు, పిల్లల చేత చేయించకూడదు. మీ బిడ్డ విషయంలో మీరు కోరుకునే మర్యాద ఇదే కదా, ముందు మీరు పాటించాలి. దీపం వెలిగించాలంటే బడి అనుమతి తీసుకోండి. బ్యాటరీ దీపం తెమ్మంటే అదే తీసుకెళ్లండి. ఇతర పిల్లలు పడేలా ఫోటోలు తీయవద్దు.

మాట తీరు కూడా ముందే అనుకుని వెళ్లండి. ‘మా ఇంట్లో ఇలా చేస్తాం’, ‘చాలా మంది హిందువులు ఇలా నమ్ముతారు’ అనాలి. ‘దేవుడు ఇలా చేశాడు’ అని తీర్పుగా చెప్పకూడదు. మా మతం గొప్పదనో, శాస్త్రీయమైనదనో నిరూపించబోకండి. పిల్లలు దేనికైనా ‘ఎందుకు’ అని అడుగుతారు. తెలియకపోతే ‘మా అమ్మను అడిగి చెబుతాను’ అనండి, నిజంగానే అడిగి టీచర్‌కు రాసి పంపండి.

తెలుగు ముస్లిం కుటుంబాలు రంజాన్ గురించి చెప్పడానికి వెళ్తుంటారు, మంచిదే. దానితో పాటు నెల్లూరు రొట్టెల పండుగ కథ చెప్పండి. మొహర్రం సమయంలో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె. ఇచ్చేవాళ్ల మతం, పుచ్చుకునేవాళ్ల మతం ఎవరూ అడగరు. రెండు మతాల వాళ్లు ఒకే నీళ్లలో మోకాలి లోతున నిలబడే ఈ కథ అసెంబ్లీలో చెప్పడానికి ఎంతో బాగుంటుంది. చపాతీలతో పిల్లల చేత మార్పిడి ఆట కూడా ఆడించవచ్చు. కోరికను పైకి చెప్పమనకండి, మనసులో అనుకోమనండి.

తరగతిని బయటికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే, బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో 2006లో ప్రారంభమైన వేంకటేశ్వర ఆలయం మిడ్‌లాండ్స్ బడులకు అందుబాటులో ఉంది. చెప్పులు విప్పాలని, ప్రసాదం తీసుకోవడం ఐచ్ఛికమని, లోపల నిశ్శబ్దంగా ఉండాలని టీచర్‌కు ముందే ఒక కాగితం రాసి ఇవ్వండి. బస్సులో తోడు వెళ్లే పెద్దల్లో మీరూ ఉండండి.

6. అయినా సరిపడకపోతే తప్పించే హక్కు

తల్లిదండ్రులు తమ బిడ్డను మత విద్య నుంచి గానీ, సామూహిక ప్రార్థన నుంచి గానీ, రెండిటి నుంచీ గానీ, వాటిలో కొంత భాగం నుంచి గానీ తప్పించవచ్చు. 1998 పాఠశాలల ప్రమాణాల చట్టం 71వ సెక్షన్ ఈ హక్కు ఇచ్చింది. చర్చి బడులకు కూడా వర్తిస్తుంది. కారణం చెప్పాల్సిన పనిలేదు. హెడ్ టీచర్ మాట్లాడదామని పిలవవచ్చు, వెళ్లి మాట్లాడటం మంచిది.

లేఖలో రాయాల్సినవి ఇవే: బిడ్డ పేరు, తరగతి, దేని నుంచి తప్పిస్తున్నారో స్పష్టంగా, ఏ తేదీ నుంచి. ‘మతపరమైనవన్నీ’ అని రాయకండి. ‘సామూహిక ప్రార్థన నుంచి మాత్రమే, మత విద్య పాఠాల్లో కొనసాగుతుంది’ అన్నట్టు రాయండి. అసెంబ్లీలో ప్రార్థన కాక పుట్టినరోజుల ప్రకటనలు, బహుమతులు కూడా ఉంటాయి. ప్రార్థన భాగానికి మాత్రమే బయట ఉంచి మిగతా వాటికి పిలవగలరా అని అడగండి. తప్పించిన సమయంలో బిడ్డను కనిపెట్టుకుని ఉండే బాధ్యత బడిది. ప్రత్యేకంగా వేరే పాఠం చెప్పాల్సిన బాధ్యత మాత్రం లేదు. చదువుకోవడానికి పుస్తకం మీరు పంపవచ్చు. చరిత్రలోనో చిత్రలేఖనంలోనో మతం ప్రస్తావన వస్తే దానికి ఈ హక్కు వర్తించదు.

మత విద్య నుంచి బిడ్డను తప్పించవద్దని నేను గట్టిగా చెబుతాను. పక్కన కూర్చున్న స్నేహితుడు ఎందుకు ఉపవాసం ఉన్నాడో, ఎందుకు తలపాగా కట్టుకున్నాడో తెలియకుండా పెరగడం బిడ్డకు నష్టం. మసీదు సందర్శన ఒక్కదాని నుంచి తప్పించే కుటుంబాలు ఉన్నాయి, వాటిలో మనవీ ఉన్నాయి. అది బిడ్డకు భయాన్ని నేర్పుతుంది. ప్రార్థన విషయం మాత్రం మనస్సాక్షికి సంబంధించింది, అక్కడ మీ నిర్ణయాన్ని ఎవరూ ప్రశ్నించకూడదు.

తప్పించాక బిడ్డ కారిడార్‌లో ఒంటరిగా కూర్చునే పరిస్థితి రాకుండా చూసుకోండి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక కుటుంబం ఇదే విషయమై 2019లో హైకోర్టు దాకా వెళ్లింది. విచారణకు ముందే రాజీ కుదిరి, తప్పించిన పిల్లలకు అసెంబ్లీకి సమానమైన విద్యా విలువ ఉన్న కార్యక్రమం ఇవ్వడానికి బడి ట్రస్టు ఒప్పుకుంది. ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చిన కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 నవంబరులో ఇంకా స్పష్టంగా చెప్పింది. అక్కడి బడిలో మత విద్య, ప్రార్థన నిష్పాక్షికంగా, పలు దృక్పథాలకు చోటిచ్చేలా లేవనీ, తప్పించుకునే హక్కు ఉన్నంత మాత్రాన ఆ లోపం పూడదనీ, ఎందుకంటే బిడ్డ వేరుగా కనబడి ముద్ర పడే ప్రమాదం ఉందనీ తీర్పునిచ్చింది. ఆ తీర్పు ఉత్తర ఐర్లండ్ చట్టం మీద వచ్చింది. మీ హెడ్ టీచర్‌తో బిడ్డ ఒంటరితనం గురించి మాట్లాడేటప్పుడు ఆ ఆలోచన మీకు పనికొస్తుంది.

వేల్స్‌లో ఉంటే ఒక తేడా ఉంది. 2022 సెప్టెంబరు నుంచి అమలవుతున్న కొత్త పాఠ్య ప్రణాళికలో మత విద్య స్థానంలో మతం, విలువలు, నైతికత అన్న పాఠం వచ్చింది. దాని నుంచి బిడ్డను తప్పించే హక్కు లేదు, ప్రార్థన నుంచి తప్పించే హక్కు మాత్రం ఉంది. స్కాట్లండ్‌లో రెండిటి నుంచీ తప్పించవచ్చు.

7. పండుగ సెలవు

తల్లిదండ్రుల మత సంస్థ ఆరాధన కోసం ప్రత్యేకించిన రోజున బిడ్డ రాకపోతే హాజరు పట్టీలో ‘ఆర్’ అన్న గుర్తు వేస్తారు, అది అనుమతించిన గైర్హాజరే. ముందుగా రాతపూర్వకంగా అడగండి. చాలా బడులు ఒక రోజుకు ఒప్పుకుంటాయి. సంక్రాంతికి మూడు రోజులూ అడిగితే ఒప్పుకోరు, ఇండియా ప్రయాణానికి పండుగను సాకుగా చూపితే అసలే ఒప్పుకోరు.

8. మీ ఒక్క బిడ్డ కోసమే కాకుండా

ప్రతి స్థానిక అధికార సంస్థలో మత విద్యకు ఒక సలహా మండలి ఉంటుంది, పేరు సాక్రే. 1988 చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. ఇంగ్లండ్‌లో అందులో నాలుగు బృందాలు: చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఒకటి, ఇతర క్రైస్తవ శాఖలు, మిగతా మతాల ప్రతినిధులు కలిసి ఒకటి, ఉపాధ్యాయులు ఒకటి, స్థానిక సంస్థ ఒకటి. స్థానిక మత విద్య ప్రణాళికను అయిదేళ్లకోసారి తిరిగి చూడాలి. దీపావళి కథ ఒక్కటే ఉండాలా, దక్షిణాది పండుగలకు చోటుండాలా అన్న మాట చెప్పుకోగల చోటు ఇదే.

బడిలో ఎక్కువ మంది పిల్లలు క్రైస్తవేతర కుటుంబాల వాళ్లయితే, క్రైస్తవ స్వభావం అన్న షరతును ఆ బడికి గానీ, కొందరు పిల్లలకు గానీ సడలించమని హెడ్ టీచర్ సాక్రేకు దరఖాస్తు చేయవచ్చు. దాన్ని డిటర్మినేషన్ అంటారు. దరఖాస్తుకు ముందు హెడ్ టీచర్ పాలక మండలిని సంప్రదించాలి. సడలింపు ఇచ్చాక కూడా రోజూ సామూహిక ప్రార్థన జరగాలి, దాని స్వభావమే మారుతుంది. అకాడమీలు దీనికి విద్యాశాఖకు దరఖాస్తు చేసుకోవాలి. అడిగే హక్కు హెడ్ టీచర్‌ది, కానీ అడగాలన్న ఆలోచన తల్లిదండ్రుల సంఘం నుంచి వెళ్లవచ్చు. ఒక్కరు రాసిన ఈమెయిల్ కన్నా వేర్వేరు మతాల కుటుంబాలు పది కలిసి రాసిన లేఖకు బరువు ఎక్కువ. మీ వాట్సాప్ గ్రూపులో తెలుగువాళ్లతో ఆగకండి. సోమాలీ తల్లిని, పోలండ్ తండ్రిని, ఏ మతమూ లేని ఇంగ్లీషు కుటుంబాన్ని కూడా కలుపుకోండి.

సాక్రే సమావేశాలకు ప్రజలెవరైనా వెళ్లి కూర్చోవచ్చు. తేదీలు, పాత సమావేశాల నమోదులు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఆ నమోదుల్లో సభ్యుల జాబితా చూడండి. హిందూ ప్రతినిధి పేరు ఎదుట ‘ఖాళీ’ అని ఉంటే, సాక్రే క్లర్కుకు రాసి, ఆ స్థానానికి ఎవరు పేరు పంపాలో, ఎలా పంపాలో అడగండి. మీ ఊళ్లోని ఆలయ కమిటీకి గానీ, హిందూ సంఘానికి గానీ ఆ జవాబు చూపించి, పేరు పంపించండి.